సముద్రం మీద ఒక సెమిస్టర్: దరఖాస్తు నుంచి ఒడ్డు దిగేదాకా

ఓడలో ఒక సెమిస్టర్ చదవబోయే విద్యార్థులు దాదాపు అందరూ దేశాల కోసమే తయారవుతారు. ఏ ఊళ్లో ఏం చూడాలి, ఎక్కడ తినాలి, ఏ కొండ ఎక్కాలి అని లిస్టులు రాసుకుంటారు. అందులో తప్పేమీ లేదు. కానీ వంద రోజుల పైచిలుకు యాత్రలో సుమారు సగం రోజులు నీళ్ల మీదే గడుస్తాయి. క్లాసులు, పరీక్షలు, స్నేహాలు, మనస్పర్థలు, ఇంటి మీద బెంగ అన్నీ ఆ రోజుల్లోనే. పోర్టుల్లో రోజులు ఎలాగూ బాగానే గడుస్తాయి. సెమిస్టర్ నిలబడేదీ కూలిపోయేదీ సముద్రం మీద రోజుల్ని బట్టే. అందుకే ఈ గైడ్‌లో ఓడ జీవితానికి ఎక్కువ చోటు ఇస్తున్నాను.

1. ముందు ఏ రకం ఓడో తేల్చుకోండి

ఓడలో చదువు అనగానే అందరికీ గుర్తొచ్చేది సెమిస్టర్ ఎట్ సీ అనే అమెరికా ప్రోగ్రాము. 1963లో మొదటి యాత్ర బయల్దేరినప్పుడు దాని పేరు యూనివర్సిటీ ఆఫ్ ద సెవెన్ సీస్. అప్పటినుంచి ఓడలు మారాయి, చదువు బాధ్యత చూసే విశ్వవిద్యాలయాలూ మారాయి. పిట్స్‌బర్గ్, ఆ తర్వాత వర్జీనియా విశ్వవిద్యాలయాలు చాలా ఏళ్లు నడిపాయి. 2016లో ఆ బాధ్యత కొలరాడో స్టేట్ యూనివర్సిటీ చేతికి వచ్చింది. 2015 నుంచి వాడుతున్న ఎమ్‌వీ వరల్డ్ ఒడిస్సీ, జర్మనీలో 1998లో తయారైన డాయిచ్‌లాండ్ అనే ప్రయాణికుల ఓడే. ఇందులో మీరు విద్యార్థి, అంతే. ఓడ నడిపే పని, వంట, శుభ్రం అన్నీ సిబ్బంది చూసుకుంటారు.

దీనికి పూర్తిగా భిన్నమైనవి తెరచాప ఓడల ప్రోగ్రాములు. అమెరికాలో 1971లో మొదలైన సీ ఎడ్యుకేషన్ అసోసియేషన్‌కు కార్విత్ క్రేమర్, రాబర్ట్ సి. సీమన్స్ అనే రెండు ఓడలున్నాయి. వాటిలో ఎక్కిన విద్యార్థి రాత్రీ పగలూ వంతులవారీగా డ్యూటీ చేస్తాడు. చుక్కాని పడతాడు, తెరచాపలు లాగుతాడు, సముద్రపు నీటి నమూనాలు తీస్తాడు, వంటింట్లో సాయం చేస్తాడు. దేశాలు తక్కువ, సముద్రం ఎక్కువ.

రెండిట్లో ఏది గొప్ప అని కాదు. దేశాలూ సమాజాలూ చూడాలన్న కోరిక ఉంటే మొదటిది, సముద్రాన్నే చదవాలనుంటే రెండోది. ఫొటోలు చూసి నిర్ణయించకండి. రోజువారీ టైమ్‌టేబుల్ అడిగి తెప్పించుకుని చూడండి.

2. క్రెడిట్ల సంగతి కాగితం మీద తేల్చుకోండి

ఓడలో చదివిన కోర్సు మీ కాలేజీలో దేని కింద లెక్కకు వస్తుంది? "వచ్చేస్తుందిలే" అని ఎవరైనా నోటిమాటగా చెబితే సరిపోదు. మీ విభాగాధిపతి దగ్గర, రిజిస్ట్రార్ కార్యాలయంలో ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఎంచుకున్న కోర్సులకు తోడు మరో రెండు ప్రత్యామ్నాయ కోర్సులకు కూడా అనుమతి తెచ్చుకోండి. సీట్లు నిండిపోయి గానీ టైమ్‌టేబుల్ కుదరక గానీ కోర్సు మారిస్తే అప్పుడు నడిసముద్రం నుంచి ఈమెయిళ్లు రాసుకునే బాధ ఉండదు.

కోర్సులు ఎంచుకునేటప్పుడు ఒక సలహా. ప్రయోగశాల కావాల్సినవి, భారీ సాఫ్ట్‌వేర్ లేదా నిరంతరం ఇంటర్నెట్ కావాల్సినవి ఓడ మీద వద్దు. మార్గంలో వచ్చే దేశాలతో ముడిపడిన చరిత్ర, సంగీతం, ప్రజారోగ్యం, సముద్ర జీవశాస్త్రం లాంటివి అక్కడ పండుతాయి. సెమిస్టర్ ఎట్ సీలో ప్రతి కోర్సుకూ ఏదో ఒక పోర్టులో ఒక రోజు ఫీల్డ్ క్లాస్ ఉంటుంది, హాజరు తప్పనిసరి. కోర్సు ఖరారు చేసే ముందు దాని ఫీల్డ్ క్లాస్ ఏ పోర్టులో, ఏ రోజున ఉందో చూడండి. మీరు ఊరు దాటి నాలుగు రోజులు తిరగాలనుకున్న చోటే, సరిగ్గా మధ్యరోజున అది పడితే మీ ప్లాన్ అంతా పోతుంది.

3. పాస్‌పోర్టు, వీసాలు

యాత్ర ముగిసిన తేదీ తర్వాత కనీసం ఆరు నెలలు పాస్‌పోర్టు చెల్లుబాటులో ఉండాలి. ఖాళీ పేజీలు కూడా చూసుకోండి. పదికి పైగా దేశాల ముద్రలు, పూర్తి పేజీ ఆక్రమించే వీసాలు పడితే పాత పుస్తకం చాలదు.

వీసా విషయంలో ఎక్కువమంది గమనించని చిక్కు ఒకటుంది. ఓడ ఒక దేశంలోని ఒక రేవులో ఆగి, అదే దేశంలో మరో రేవుకు వెళ్లి అక్కడినుంచి బయటపడవచ్చు. ఆ మధ్యలో మీరు విమానంలో పక్కదేశం వెళ్లొస్తే, ఒక్కసారి ప్రవేశానికి ఇచ్చిన వీసా అక్కడితో అయిపోతుంది. కాబట్టి అవకాశమున్న ప్రతిచోటా పలుమార్లు ప్రవేశించగల వీసాకే దరఖాస్తు చేయండి. తోటి విద్యార్థికి వీసా అక్కర్లేదంటే మీకూ అక్కర్లేదని అనుకోవద్దు. అది పూర్తిగా మీ పాస్‌పోర్టును బట్టి ఉంటుంది. ఓడ ప్రయాణికులకు ఒక నిబంధన, విమానంలో వచ్చేవారికి మరో నిబంధన ఉండే దేశాలున్నాయి. కొన్నిచోట్ల ఈ-వీసా కొన్ని రేవుల్లోనే చెల్లుతుంది.

ఓడలో చాలాసార్లు పాస్‌పోర్టులు కార్యాలయం దగ్గరే ఉంటాయి, ఇమ్మిగ్రేషన్ పనుల కోసం. రంగుల జిరాక్సులు నాలుగు, ఫోన్‌లో ఒక కాపీ, ఇంట్లో ఒకరి దగ్గర ఒక కాపీ ఉంచండి.

దారి మారవచ్చని కూడా మనసులో పెట్టుకోండి. తుపానులు, యుద్ధాలు, వ్యాధులు ఏవైనా సరే మార్గాన్ని మార్చేస్తాయి. 2020 వసంతకాలపు యాత్ర కోవిడ్ వల్ల మధ్యలోనే ముగిసింది. ఏదో ఒక్క దేశం చూడాలనే ఓడ ఎక్కుతున్నారా? అయితే ఆ దేశానికి విమానం టికెట్ కొనుక్కోవడమే మంచిది.

4. టీకాలు, మందులు

కనీసం రెండు మూడు నెలల ముందే ప్రయాణ వైద్యం తెలిసిన డాక్టరును కలవండి, మార్గం మొత్తం చూపించండి. ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే ఆ సర్టిఫికెట్ చెల్లుతుంది. ఆపైన జీవితాంతం చెల్లుతుందని 2016 నుంచి అంతర్జాతీయ నిబంధన. అసలు కాగితం దగ్గర ఉండాలి, ఫొటో చాలదు. ఎల్లో ఫీవర్ ఉన్న దేశం నుంచి వస్తున్న ఓడ కాబట్టి తర్వాతి దేశం ఆ కాగితం అడగవచ్చు. అంటే మీరు ఆ మొదటి దేశంలో ఒడ్డుకు దిగకపోయినా అది అవసరం పడొచ్చు. టైఫాయిడ్, హెపటైటిస్ ఎ టీకాల గురించి కూడా అడగండి.

మలేరియా మాత్రలు ఆ దేశానికి చేరేముందే మొదలుపెట్టి, వదిలాక కూడా కొన్నాళ్లు కొనసాగించాలి. ఏ మందు అన్నదాన్ని బట్టి అది వారం కావచ్చు, నాలుగు వారాలు కావచ్చు. ఓడ తర్వాతి దేశానికి వెళ్లిపోయాక మధ్యలో ఆపేసేవాళ్లే ఎక్కువ. ఫోన్‌లో అలారం పెట్టుకోండి.

రోజూ వేసుకునే మందులుంటే యాత్ర మొత్తానికీ, ఇంకో రెండు వారాలకు అదనంగా, ఒరిజినల్ డబ్బాల్లోనే, ప్రిస్క్రిప్షన్‌తో సహా తీసుకెళ్లండి. నిద్ర, ఏకాగ్రత, ఆందోళన కోసం వాడే కొన్ని మందులు కొన్ని దేశాల్లో నిషిద్ధం. దీన్ని ఓడ వైద్యుడితో ముందే మాట్లాడండి. మానసిక ఆరోగ్యానికి చికిత్స తీసుకుంటున్నవారు ఫారంలో ఆ సంగతి దాచిపెట్టకండి. నడిసముద్రంలో సహాయం అవసరమైతే అది తెలిసినవాళ్లే సాయపడగలరు.

5. సామాన్లు

క్యాబిన్ చిన్నది, ఇద్దరు ముగ్గురు పంచుకోవాలి. మంచం కింద దూరేలా మెత్తటి బ్యాగు మంచిది. గట్టి సూట్‌కేసు ఎక్కడా పట్టదు.

ఓడ గోడలు ఉక్కువి కాబట్టి అయస్కాంతాల కొక్కేలు నేరుగా అంటుకుంటాయి. తడి తువ్వాలు, టోపీ, టైమ్‌టేబుల్, ఇంటి ఫొటోలు అన్నీ వాటికి తగిలించవచ్చు. సామాన్లలో అన్నిటికన్నా ఉపయోగపడేది ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను. యూరప్‌లో తయారైన ఓడల్లో గుండ్రటి రెండు పిన్నుల సాకెట్లు ఉంటాయి, దానికి తగిన అడాప్టర్ కావాలి. సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డులు మాత్రం తేవద్దు. ఓడల విద్యుత్ వ్యవస్థ ఇళ్లలో ఉండేలాంటిది కాదు, వాటివల్ల నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. తనిఖీలో తీసేసుకుంటారు. ఇస్త్రీపెట్టె, కెటిల్, కొవ్వొత్తులు కూడా అంతే.

బట్టలు వారానికి సరిపడా చాలు. చాలా ఓడల్లో విద్యార్థులే ఉతుక్కునే మెషీన్లు ఉండవు, సంచికి ఇంత అని డబ్బు తీసుకుని ఉతికిస్తారు. సింకులో ఉతికి ఆరేసుకోగలిగే పలుచని బట్టలు, చిన్న తాడు ఉంటే ఖర్చు తగ్గుతుంది. డెక్ మీద గాలికి వేడి ప్రాంతాల్లోనూ చలేస్తుంది. గాలి దూరని జాకెట్ ఒకటి తప్పనిసరి. ప్రార్థనా స్థలాలకు భుజాలూ మోకాళ్లూ కప్పే బట్టలు కావాలి. చదవాల్సిన పుస్తకాలు, వ్యాసాలు, సినిమాలు, ఆఫ్‌లైన్ మ్యాపులు అన్నీ బయల్దేరేముందే డౌన్‌లోడ్ చేసుకోండి. సముద్రం మీద ఇంటర్నెట్ ఉపగ్రహం ద్వారా వస్తుంది. వందల మంది దాన్ని పంచుకుంటే ఏం మిగులుతుందో చెప్పక్కర్లేదు.

మీకిష్టమైన చిరుతిళ్లు కొంచెం ఎక్కువే తెచ్చుకోండి. పొడవైన సముద్ర ప్రయాణం చివరికి ఆకుకూరలు, పళ్లు తగ్గి బంగాళాదుంపలూ పాస్తా మిగులుతాయి.

6. మొదటి మూడు రోజులు

ఎక్కగానే జరిగే మొదటి పని ఎమర్జెన్సీ డ్రిల్. ఏడు చిన్న కూతలు, ఒక పెద్ద కూత వినిపిస్తే లైఫ్ జాకెట్‌తో మీకు కేటాయించిన చోటికి వెళ్లాలి. 2012లో ఇటలీ తీరంలో జరిగిన కోస్టా కాంకార్డియా అనే ప్రయాణికుల ఓడ ప్రమాదం తర్వాత, ఓడ బయల్దేరేముందు గానీ బయల్దేరిన వెంటనే గానీ ఈ డ్రిల్ జరిగి తీరాలని అంతర్జాతీయ నిబంధన మార్చారు. ఫోన్ చూస్తూ నిలబడకండి. డ్రిల్ అయ్యాక క్యాబిన్ నుంచి ఆ చోటికి రెండు వేర్వేరు దారుల్లో నడిచి చూడండి. పొగలో, చీకట్లో మీ కాళ్లకు ఆ దారి గుర్తుండాలి.

తర్వాతి సంగతి వాంతులు, తలతిప్పుడు. చెవి లోపలి సమతౌల్య వ్యవస్థ "కదులుతున్నాం" అంటుంది, క్యాబిన్ గోడల్ని చూస్తున్న కళ్లు "లేదు" అంటాయి. మెదడు తికమకపడుతుంది. అందుకే డెక్ మీదికెళ్లి దూరంగా నీళ్లూ ఆకాశమూ కలిసే గీతను చూస్తే తగ్గుతుంది. ఓడ మధ్యభాగంలో, కింది డెక్కుల్లో ఊపు తక్కువ. క్యాబిన్ ఎంచుకునే అవకాశముంటే కిటికీ కన్నా ఇదే చూడండి. ఖాళీ కడుపూ వద్దు, నిండు కడుపూ వద్దు. అల్లం, ఉప్పు బిస్కెట్లు, పచ్చ ఆపిల్ చాలామందికి పనిచేస్తాయి.

మందులు ముందే వేసుకోవాలి, వాంతి మొదలయ్యాక మాత్ర లోపల నిలవదు. మెక్లిజిన్ కొంచెం తక్కువ మత్తునిస్తుంది, డైమెన్‌హైడ్రినేట్ ఎక్కువ. చెవి వెనక అంటించే స్కోపొలమిన్ ప్యాచ్ పనిచేయడానికి కొన్ని గంటలు పడుతుంది, మూడు రోజులు ఉంటుంది. నోరు ఎండడం, చూపు మసకబారడం దాని దుష్ఫలితాలు. ముట్టుకున్న చేతులు కడుక్కోకుండా కన్ను నలిపితే కనుపాప పెద్దదైపోతుంది. గ్లకోమా ఉన్నవారు డాక్టరును అడగకుండా దాని జోలికి వెళ్లకూడదు. ఎక్కువమందికి రెండు మూడు రోజుల్లో శరీరం అలవాటు పడుతుంది. ఆ రోజుల్లో "నేను ఇక్కడికి రాకుండా ఉండాల్సింది" అనిపిస్తుంది. అది కడుపు చెప్పే మాట, పట్టించుకోకండి.

నడిచేటప్పుడు ఒక చెయ్యి ఎప్పుడూ కమ్మీ మీద ఉంచండి. ఉక్కు తలుపుల చట్రాన్ని పట్టుకుని నిలబడొద్దు, ఓడ ఒరిగితే తలుపు వేళ్ల మీద మూసుకుంటుంది. పడుకునేముందు ల్యాప్‌టాప్ బల్ల మీద వదలకండి. 2005 జనవరిలో ఉత్తర పసిఫిక్‌లో సెమిస్టర్ ఎట్ సీ అప్పటి ఓడ ఎమ్‌వీ ఎక్స్‌ప్లోరర్‌ను దాదాపు యాభై అడుగుల అల కొట్టింది. ఓడను నడిపే గది (బ్రిడ్జి) అద్దం పగిలి ఇంజిన్లు ఆగిపోయాయి. ఓడ చివరికి హోనొలులు చేరింది. అంతటి అలలు అరుదు. కానీ బల్ల మీది వస్తువులు నేలపాలవడానికి అందులో నాలుగోవంతు చాలు.

ఇంకొకటి. ఎవరైనా నీళ్లలో పడటం చూస్తే గట్టిగా అరవండి, నీళ్లలో తేలే చక్రం (లైఫ్‌బాయ్) విసరండి, ఆ మనిషి వైపు వేలు చూపిస్తూ ఉండండి, ఒక్క క్షణం కూడా చూపు తిప్పకండి. అలల మధ్య తల ఒకసారి కనుమరుగైతే మళ్లీ దొరకడం చాలా కష్టం.

7. సముద్రం మీద రోజులు

అసలు సెమిస్టర్ ఇక్కడుంది. సముద్రం మీద శనివారం, ఆదివారం అంటూ ఉండవు. సెమిస్టర్ ఎట్ సీలో ‘A’ రోజు, ‘B’ రోజు అని మార్చి మార్చి క్లాసులు నడుస్తాయి, అప్పుడప్పుడూ ఒక స్టడీ డే వస్తుంది. పోర్టులో క్లాసులుండవు. అంటే కాలేజీలో వారాల మీద పరుచుకునే చదువంతా ఇక్కడ కుదించుకుపోతుంది. పోర్టు చేరేముందు రోజు పేపర్ ఇవ్వాలి, వదిలిన మర్నాడు ఉదయం క్లాసుంటుంది. నా సలహా ఒక్కటే: పోర్టులోకి చదువు తీసుకెళ్లకండి. రేపు ఒడ్డు అనగా ఇవాళ సాయంత్రానికి పని ముగించండి. "బస్సులో చదువుకుంటా" అన్నవాళ్లెవరూ చదవరు.

దీనికి నిద్ర కావాలి. ఓడ పడమరకు వెళుతుంటే ప్రతి పదిహేను డిగ్రీల రేఖాంశానికీ గడియారం ఒక గంట వెనక్కి జరుగుతుంది, ఆ రాత్రి గంట అదనపు నిద్ర. తూర్పుకు వెళుతుంటే రివర్స్. వరుసగా కొన్ని రాత్రులు ఒక్కో గంట పోగొట్టుకుంటూ ఉంటే క్లాసు మొత్తం నిద్రమొహాలతో కూర్చుంటుంది. మీ మార్గం ఏ దిక్కో ముందే చూసుకోండి. తూర్పు ప్రయాణమైతే మొదటి వారం నుంచే రోజూ కన్నా గంట ముందే పడుకోండి. అంతర్జాతీయ దినరేఖ దాటినప్పుడు పడమరకు వెళితే ఒక తేదీ మాయమవుతుంది, తూర్పుకు వెళితే ఒకే తేదీ రెండుసార్లు వస్తుంది. అసైన్‌మెంట్ గడువు ఆ దగ్గర్లో ఉంటే ప్రొఫెసర్‌ను అడిగి ఖాయం చేసుకోండి.

ఇంటర్నెట్ లేని మొదటి వారం చాలామందికి నిజంగా టెన్షన్. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి: "సముద్రం మీద ఉన్నప్పుడు నాలుగైదు రోజులు కబురు రాకపోతే కంగారుపడకండి. ఫలానా తేదీన ఒడ్డు చేరతాం, అప్పుడు మాట్లాడతాను." ఈ చిన్న ఏర్పాటు చేస్తే మీకూ వాళ్లకూ మనశ్శాంతి.

మనుషుల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఓడలో ఎవరినీ తప్పించుకోలేరు. రూమ్మేట్‌తో నిద్ర వేళలు, లైటు, స్నేహితులు రావడం, వస్తువులు వాడుకోవడం గురించి మొదటి వారంలోనే మాట్లాడుకోండి. చిన్న చిరాకును దాచుకుంటే మూడో వారానికి అది పెద్దదవుతుంది, వెళ్లి కూర్చోడానికి ఇంకో ఇల్లు ఉండదు. మొదటి పోర్టులో కలిసి తిరిగిన గుంపుకే చివరిదాకా అతుక్కుపోకండి. భోజనాల దగ్గర వేరే బల్లల మీద కూర్చోండి. ప్రొఫెసర్లు, వాళ్ల పిల్లలు, రిటైరైన పెద్దవాళ్లు అక్కడే తింటుంటారు. ఏ కాలేజీ ప్రాంగణంలోనూ ఇంత దగ్గరగా ప్రొఫెసర్లతో మాట్లాడే వీలుండదు. సిబ్బంది పేర్లు నేర్చుకోండి. వాళ్లలో చాలామంది మీకన్నా ఎక్కువ దేశాలు చూసినవాళ్లు, ఇంటికి మీకన్నా ఎక్కువ కాలం దూరంగా ఉండేవాళ్లు.

భూమధ్యరేఖ దాటే రోజు నెప్ట్యూన్ డే, విద్యార్థుల జట్ల మధ్య జరిగే సీ ఒలింపిక్స్ లాంటివి వచ్చినప్పుడు గదిలో కూర్చోకండి. నెప్ట్యూన్ డే నాడు గుండు చేయించుకునే వాళ్లు చాలామంది. ఇష్టం లేకపోతే చేయించుకోనక్కర్లేదు, కానీ వెళ్లి చూడండి.

బెంగ సాధారణంగా మొదట్లో కన్నా మధ్యలో వస్తుంది, కొత్తదనం తగ్గి ముగింపు ఇంకా దూరంగా ఉన్నప్పుడు. ఓడలో కౌన్సెలర్ ఉంటే అప్పుడే కలవండి, మరీ చేయిదాటేదాకా ఆగకండి. రోజూ డెక్ మీద నడవండి, డైరీ రాయండి. ఫొటోలు చాలనుకుంటాం గానీ, కొన్ని నెలల తర్వాత ఏ మాట ఎవరన్నారో ఫొటో చెప్పదు.

చేతులు సబ్బుతో కడుక్కోండి. ఓడల్లో పాకే, వాంతులూ విరేచనాలూ తెప్పించే నోరోవైరస్ మీద ఆల్కహాల్ శానిటైజర్ అంత బాగా పనిచేయదు.

8. పోర్టులు

ప్రతి పోర్టుకూ ఒక్క పెద్ద కార్యక్రమం పెట్టుకుని మిగతాది ఖాళీగా వదలండి. మొదటి రోజు ఊళ్లోనే నడవడం, రెండో రోజు నుంచి దూరం వెళ్లడం మంచి క్రమం. చివరి రోజు మాత్రం ఓడ ఉన్న ఊళ్లోనే ఉండండి. విమానం ఆలస్యమైందని ఓడ ఆగదు. ఎక్కాల్సిన వేళ దాటి వస్తే సెమిస్టర్ ఎట్ సీలో డాక్ టైమ్ అనే శిక్ష ఉంటుంది. తర్వాతి పోర్టులో అందరూ దిగాక మీరు గంటల తరబడి ఓడలోనే ఆగాలి. ఓడే వెళ్లిపోతే తర్వాతి పోర్టుకు సొంత ఖర్చుతో, సొంత వీసాతో చేరుకోవాలి. రేవులో ఓడ తరఫున పనులు చూసే పోర్టు ఏజెంట్ ఫోన్ నంబరు కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి, ఫోన్ పోవచ్చు.

ఒడ్డున అన్నిటికన్నా పెద్ద ప్రమాదం రోడ్డు. 1996లో భారతదేశంలో ఆగ్రా వెళ్లే దారిలో రాత్రివేళ బస్సు ప్రమాదంలో సెమిస్టర్ ఎట్ సీ విద్యార్థులు నలుగురు చనిపోయారు. ఊళ్ల మధ్య రాత్రి రోడ్డు ప్రయాణం పెట్టుకోకండి. ఒక రాత్రి హోటల్ ఖర్చు మిగులుతుందని చేసే లెక్క ఇది, దయచేసి చేయకండి. అద్దె మోటార్ సైకిళ్లకు చాలా ప్రయాణ బీమాలు వర్తించవు.

రెండు కార్డులు రెండు చోట్ల ఉంచండి, శుభ్రమైన చిరగని డాలర్ నోట్లు కొన్ని దాచండి. తాగాలనుకుంటే నమ్మకమైన తోడుతో, తిరిగి వచ్చే దారి ముందే ఖాయం చేసుకుని. ఓడ నుంచి పళ్లు, మాంసం ఒడ్డుకు తీసుకెళ్లకండి. కొన్ని దేశాల్లో ఒక్క ఆపిల్‌కు కూడా భారీ జరిమానా పడుతుంది.

9. ఆఖరి వారం

పరీక్షలు, వీడ్కోళ్లు, సామాన్లు సర్దుకోవడం ఒకేసారి మీద పడతాయి. కొన్న వస్తువులను కస్టమ్స్ కోసం లిస్టు రాసి, రసీదులు ఒక కవర్లో పెట్టండి. చెక్క, గింజలు, ఈకలు, చర్మంతో చేసినవాటిని అడిగితే చూపించడం కాదు, మీరే ప్రకటించండి. ప్రతి కోర్సు సిలబస్, రాసిన పేపర్లు దాచుకోండి. మీ కాలేజీలో క్రెడిట్ల గురించి ప్రశ్న వస్తే అవే ఆధారం. మార్కుల పత్రం మీ కాలేజీకి నేరుగా పంపమని దిగేముందే అభ్యర్థన పెట్టండి.

దిగాక రెండు మూడు రోజులు నేల ఊగుతున్నట్టు ఉంటుంది, ముఖ్యంగా స్నానం చేస్తున్నప్పుడూ కళ్లు మూసుకున్నప్పుడూ. అది మామూలే, దానంతటదే పోతుంది. ఆ రోజుల్లో వాహనం నడపకండి. నెల దాటినా ఊపు తగ్గకపోతే చెవి లేదా నరాల డాక్టరును కలిసి, ఓడ ప్రయాణం చేసిన సంగతి మొదటే చెప్పండి.